కౌంటర్ స్ట్రైక్ 1.6కి పదికి పది, మిస్ట్‌కి నాలుగు: నా రివ్యూల్లో తప్పెక్కడుంది?

పాతసీడీ రాశారు:

అందరికీ నమస్తే. పోస్టు కాస్త పెద్దది, ఓపిక చేసుకుని చదవండి.

మాది గుడివాడ, ఉద్యోగం బెంగళూరులో. పాత కంప్యూటర్ గేమ్‌ల మీద తెలుగులో రివ్యూలు రాద్దామని రెండు నెలల కింద మొదలుపెట్టాను. ఇప్పటికి నాలుగయ్యాయి: కౌంటర్ స్ట్రైక్ 1.6, టీమ్ ఫోర్ట్రెస్ 2 (ఈ రెండూ టీములుగా విడిపోయి కాల్చుకునే షూటర్లు), పోర్టల్, మిస్ట్ (ఈ రెండూ ఒక్కరే ఆడే పజిల్ గేమ్‌లు). మార్కులు వరుసగా పది, ఎనిమిది, పది, నాలుగు. నెట్‌లో పెట్టేముందు మా బావమరిదికి చూపించాను. వాడు చదివి రెండే రెండు మాటలన్నాడు, అప్పట్నుంచీ ఒక్క లైను ముందుకు కదలట్లేదు.

మొదటి మాట: "బావా, ఇది 1.6 రివ్యూ కాదు, నెట్ కేఫ్ రివ్యూ." మళ్లీ చదువుకున్నా, వాడన్నది నిజమే. గంటకి పదిహేను రూపాయలు, ఇంటర్ ఫస్టియర్లో ట్యూషన్ ఎగ్గొట్టడం, టేబుల్ ఫ్యాన్ చప్పుడు, కరెంటు పోతే మిగిలిన పావుగంట కోసం ఓనరుతో గొడవ, ఇదంతా రెండు పేజీలు. తుపాకీ పేరు వచ్చింది చివరి పేరాలో. దానికి పదికి పది వేసేశాను.

రెండోది ఇంకా గట్టిగా తగిలింది: "మిస్ట్ నువ్వు ఆడలేదు బావా, జవాబులన్నీ వరసగా ఉండే వాక్‌త్రూ పక్కన పెట్టుకుని ఎక్కాలు అప్పజెప్పినట్టు నొక్కుకుంటూ పోయావు." అదీ నిజమే. ఆట జరిగే దీవిలో దిగిన ఇరవై నిమిషాలకే ఫోన్లో జవాబులు తెరిచాను. పైగా "నెమ్మది, పజిల్స్‌లో పస లేదు" అని రాశాను. రాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ అనే అన్నదమ్ములు 1993లో చేసిన గేమ్ అది, 2002లో ది సిమ్స్ అనే గేమ్ దాటేదాకా పీసీ మీద అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన గేమ్ అదే, దాన్లో పస లేదని నేను నాలుగు సాయంత్రాల్లో తేల్చేశానంటే నాకే నవ్వొస్తోంది.

సరే, మళ్లీ ఆడి రాద్దామనుకుంటే ఇంకో చిక్కు. 1.6 సర్వర్లలో ఇప్పుడు మిగిలింది ఇరవై ఏళ్లుగా అదే ఆడుతున్న ఘటికులు, రౌండు మొదలైన ఎనిమిది సెకన్లకి నా పని అయిపోతోంది, ఆ తర్వాత కూర్చుని చూడటమే. మిస్ట్ సంగతి అంటారా, జవాబులన్నీ తెలిసిపోయాయి, మర్చిపోవడానికి మందేమీ లేదు కదా. దానికేమో నాతో సమానంగా ఆడే మనుషులు లేరు, దీనికేమో తెలియని బుర్ర లేదు. మరి ఇలాంటివాటికి రివ్యూ ఎలా రాస్తారు? అప్పటి లెక్కన మార్కులెయ్యాలా, ఇప్పటి లెక్కనా?

హబ్బు_కేబుల్ రాశారు:

తమ్ముడూ, నేను హన్మకొండలో 2002 నుంచి 2009 దాకా నెట్ కేఫ్ నడిపినోణ్ణి, కాబట్టి కరెంటు గొడవలో నేను ఓనరు పక్షం, ముందే చెప్తున్నా.

మీ బావమరిది మాట సగమే నిజం. 1.6లో కేఫ్ కూడా ఆటలో భాగమే, కానీ నువ్వు తప్పు ముక్క రాశావు. నా షాపులో పది సిస్టమ్‌లు, అటు ఐదు ఇటు ఐదు, మధ్యలో అన్నిటినీ కలిపే ఒక నెట్‌వర్క్ స్విచ్చి, దీనికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ఈ గేమ్‌లో చచ్చినోడు రౌండు అయ్యేదాకా లేవడు. చేతికి పని లేదు, నోటికి పని ఉంది. పోరగాళ్లు ఏం చేసేవారంటే, చావగానే కుర్చీలోంచి లేచి నీళ్లు తాగే నెపంతో అవతలి వరస వెనక నుంచి నడిచొచ్చి, ఎవడు ఎక్కడ నక్కాడో చూసి, వాళ్ల టీమోడి చెవిలో ఊదేవాళ్లు. రోజూ ఇదే పంచాయితీ. చివరికి పక్క షాపు నుంచి టీవీల అట్టపెట్టెలు తెచ్చి కోసి, రెండు వరసల చివర అడ్డం కట్టి, చచ్చినోడు లేస్తే రెండు రూపాయల ఫైను అని స్కెచ్ పెన్నుతో రాసి పెట్టిన. ఆ రోజు నుంచి ఆట మారిపోయింది. అంతవరకు ఎవడి గురి మంచిదైతే వాడే గెలిచేది, ఆ తర్వాత చెవులున్నోడు గెలవడం మొదలైంది.

ఎందుకంటే ఇది సగం చప్పుడు మీద నడిచే గేమ్. పరిగెత్తితే అడుగుల చప్పుడు అవతలోడికి వినబడుతుంది, షిఫ్ట్ పట్టుకుని నడిస్తే వినబడదు. నా దగ్గర పది సిస్టమ్‌లకి నాలుగే హెడ్‌సెట్లు ఉండేవి, ఆ నాలుగింటి కోసం పొద్దున్నే వచ్చి తలుపు ముందు నిలబడేవాళ్లు. అందుకని ఫ్యాన్ చప్పుడు గురించి రాయొద్దని అనను, ఆ ఫ్యాన్ వల్ల అడుగులు వినపడక నువ్వు ఎట్లా చచ్చావో రాయి. అప్పుడు అది గేమ్ రివ్యూ అవుతుంది.

డబ్బు గురించి ఒక్క ముక్కన్నా రాశావా? ఆటలో తుపాకీలు కొనుక్కోవాలి, మొదటి రౌండుకి చేతిలో 800 డాలర్లు. ఏకే 2500, ఎం4 3100, ఆ పెద్ద స్నైపర్ ఏడబ్ల్యూపీ 4750. ఒకణ్ణి లేపేస్తే 300 వస్తుంది, ఓడినా ఎంతో కొంత వస్తుంది, వరుసగా ఓడితే ఇంకాస్త ఎక్కువ వస్తుంది. అందుకే ఈ రౌండు పిస్తోలుతో సరిపెట్టుకుని పోతే పోనీ, వచ్చే రౌండు అందరం ఏకేలు కొందాం అని ఐదుగురూ మాట్లాడుకోవాలి. లెక్కల్లో తప్పిన పోరడు కూడా అక్కడ టీమ్ మొత్తం లెక్క నోటితో చెప్పేవాడు. అవతలి టీమ్ పెట్టిన బాంబు తీసెయ్యాలంటే ఉత్త చేతుల్తో 10 సెకన్లు, 200 పెట్టి కిట్ కొంటే 5. ఏడు సెకన్లు మిగిలినప్పుడు బాంబు దగ్గరికి చేరి, కిట్ లేదని గుర్తొచ్చినోడి మొహం నేను కౌంటర్లో కూర్చుని మస్తుగా చూసిన. ఆ 200 దగ్గర కక్కుర్తి పడ్డందుకు నలుగురూ తిట్టే తిట్లు, అది రాయి.

ఇప్పటి సర్వర్లలో ఎక్కడివాళ్లో తెలియనోళ్ల చేతిలో చచ్చి మార్కులు వెయ్యకు. పది మందిని పోగుచెయ్యి, డస్ట్2 పెట్టు, పది రౌండ్లు ఆడు. డేవ్ జాన్‌స్టన్ అనే కుర్రాడు 2001లో గీసిన మ్యాప్ అది, ఇప్పటికీ మధ్య తలుపుల సందులోంచి వచ్చే తూటాకి రౌండు మొదట్లోనే ఎవడో ఒకడు పోతాడు.

ఉబర్_లక్ష్మి రాశారు:

పైన అన్న చెప్పింది బాగుంది కానీ నాలాంటి వాళ్లకి 1.6 ఎప్పుడూ అంటలేదు. నాకు గురి కుదరదు, మౌస్ కదిపితే తుపాకీ గోడ వైపు పోతుంది. వైజాగ్‌లో హాస్టల్ రోజుల్లో మా ఫ్రెండ్స్‌తో ఆడితే "నువ్వు బాంబు మోయి చాలు" అనేవాళ్లు. టీమ్ ఫోర్ట్రెస్ 2 వచ్చాక మెడిక్ అయ్యాను. తొమ్మిది రకాల పాత్రల్లో ఒకటి, చేతిలో గొట్టం లాంటిది పట్టుకుని మనవాళ్ల గాయాలు మాన్పుకుంటూ పోవడమే. అలా మాన్పగా మాన్పగా మీటర్ నిండుతుంది, నిండాక నొక్కితే నాకూ నేను పట్టుకున్న వాడికీ ఎనిమిది సెకన్లు ఏ దెబ్బా తగలదు. ఎప్పుడు నొక్కాలన్నదే నా ఆట. ముందే నొక్కితే దండగ, ఆలస్యమైతే ఇద్దరం పోతాం. గురి లేని మనిషికి కూడా చెమటలు పట్టించిన షూటర్ అది, మీ రివ్యూలో మెడిక్ గురించి ఒకే వాక్యం ఉంటే మాత్రం ఎనిమిది మార్కులు మీరే ఉంచుకోండి.

ఇంకో సంగతి, మీరు రివ్యూ రాసింది ఏ ఏడాది గేమ్‌కి? 2007 అక్టోబర్లో ఆరెంజ్ బాక్స్ అనే గేమ్‌ల పెట్టెలో పోర్టల్‌తో కలిపి వచ్చినప్పుడు పాత్రలకి విడిగా తొడిగే టోపీ ఒక్కటి కూడా లేదు. 2009లో టోపీలొచ్చాయి, 2011లో ఉచితం చేశారు, తర్వాత కొన్నేళ్లు మామూలు సర్వర్లు బాట్లతో, అంటే మనిషి లేకుండా ప్రోగ్రామే ఆడించే ఆటగాళ్లతో నిండిపోయి, తల కనపడితే చాలు కొట్టేసే స్నైపర్ బాట్ల మధ్య చాలామంది ఆడటమే మానేశారు, నేనూ అప్పుడే మానేశాను. పుస్తకం అచ్చయ్యాక మారదు, ఇది మారుతూనే ఉంటుంది. పైన తేదీ వేసి, ఎన్ని గంటలు ఆడారో, ఏ సర్వర్లో ఆడారో రాస్తే సగం పేచీ తీరిపోతుంది.

అన్నట్టు, ఆ పెట్టెలోని గేమ్‌లలో తయారుచేసినవాళ్ల వ్యాఖ్యానం ఆన్ చేసుకుని తిరగొచ్చు, తెలుసా? నీడ చూసినా ఇది ఫలానా పాత్ర అని పట్టుకునేలా ఆకారాలు ఎలా గీశారో అందులో చెప్తారు. అది విన్నాకే నాకు అర్థమైంది, దూరం నుంచి హెవీ అనే ఆ లావుపాటి పాత్ర వస్తుంటే ఆలోచించకుండానే కాళ్లు అటు ఎందుకు పరిగెత్తేవో.

ఫ్రిస్కో_అమ్మ రాశారు:

నేను టెక్సస్‌లో ఉంటాను, షూటర్లు నాకు తెలియవు. మిస్ట్ మాత్రం నాకు ప్రాణం అండి, నాలుగు మార్కులు చూసి మనసు చివుక్కుమంది, అందుకే లాగిన్ అయ్యాను.

నాకూ జవాబులన్నీ తెలుసు. అయితే ఈమధ్య కొత్తగా చేసిన మిస్ట్‌లో, 2020లో కళ్లకి తొడుక్కునే వీఆర్ పరికరాలకి, 2021లో పీసీకి వచ్చింది చూడండి, దాన్లో పజిళ్లని కలిపేసే ఆప్షన్ ఒకటి పెట్టారు. అది ఆన్ చేస్తే అంకెలూ సంకేతాలూ మారిపోతాయి, నెట్‌లో చూసి నొక్కుదామంటే కుదరదు, దీవిలో తిరిగి వెతుక్కోవాల్సిందే. మీ "మర్చిపోవడానికి మందు" కొంతవరకు అదే. పూర్తి మందు కాదు లెండి, ఏ గదిలో ఏం చెయ్యాలో మనకి తెలిసే ఉంటుంది.

నేను చేసిన పని ఇంకొకటి. మా అబ్బాయికి పదకొండేళ్లు. ఒక రూళ్ల నోటు పుస్తకం, పెన్సిల్ ఇచ్చి కూర్చోబెట్టి, నన్ను ఏమీ అడగొద్దు అన్నాను. మొదటి రోజు విసుక్కున్నాడు, ఎవరూ చంపడానికి రావట్లేదేంటి అని. దీవిలో మనుషులు లేరు, గడియారం లేదు, చావు లేదు. రెండో రోజు లైబ్రరీలో పుస్తకాలు చదవడం మొదలుపెట్టాడు. మూడో రోజు రాకెట్ దగ్గర ఆగిపోయాడు. అక్కడ ఒక ఆర్గాన్ ఉంటుంది, ఇంకో వైపు ఐదు స్లైడర్లు ఉంటాయి, ఆర్గాన్ మీద విన్న స్వరాన్నే స్లైడర్‌తో పట్టుకోవాలి. అంకె కాదు, రంగు కాదు, చెవితో పట్టుకోవాలి. వీడు స్లైడర్ దగ్గరికి పరిగెత్తేసరికి స్వరం మర్చిపోతున్నాడు. నేను వంటింట్లో పోపు వేస్తూ వింటున్నాను, స్లైడర్ ఒక మెట్టు పైన ఉందని నాకు తెలుస్తూనే ఉంది, చెప్పకూడదని పెదవి కొరుక్కున్నాను. నేను పెళ్లికి ముందు ఏడేళ్లు సంగీతం నేర్చుకున్నదాన్ని, నోరు ఊరుకుంటుందా, తెలియకుండానే ఆ స్వరం "పా" అని కూనిరాగం తీసేశాను. వాడు గబుక్కున వెనక్కి తిరిగి, "అమ్మా, దాన్ని పట్టుకునే ఉండు" అని, నా నోట్లోని స్వరంతో స్లైడర్ కలిపాడు. మిగతా నాలుగూ అలాగే, వాడు వినిపించడం, నేను పాడుతూ నిలబడటం. పోపు మాడిపోయింది.

నేను పన్నెండేళ్ల కింద ఒక్కదాన్నే ఆడినప్పుడు ఈ పజిల్‌ని రెండు నిమిషాల్లో దాటేశాను, ఇంత సులువేంటి అనుకున్నాను. చెవి పట్టనివాళ్లకి అది గోడ అని మా వాణ్ణి చూశాకే తెలిసింది. మీ రివ్యూలో మీరు ఎక్కడ జవాబు తెరిచారో ఆ చోటు రాయండి చాలు. ఇరవయ్యో నిమిషంలో ఏ స్విచ్చి దగ్గర విసుగొచ్చింది? అది చెప్తే చదివేవాళ్లకి పనికొస్తుంది, "పస లేదు" అంటే దేనికీ పనికిరాదు.

అరటిపండు_మెట్రోనోమ్ రాశారు:

అందరూ వాక్‌త్రూ చూసినవాణ్ణి దొంగలా చూస్తున్నారు, వాడి పక్షాన నేనొక్కణ్ణి మాట్లాడతా.

నా పేరు చూసి కొందరికి తెలిసిపోయి ఉంటుంది. 1991లో వచ్చిన మంకీ ఐలాండ్ 2లో ఒక జలపాతం ఆపాలి, పంపు బిగుసుకుపోయి ఉంది, పానా కావాలి. ఆ గేమ్ మొత్తంలో పానా లేదు. ఏం చెయ్యాలంటే, వేరే దీవిలో సారాకొట్లో పియానో వాయిస్తున్న కోతి ఉంటుంది, దాని ముందున్న మెట్రోనోమ్‌కి (అటూ ఇటూ ఊగుతూ తాళం చూపేది) అరటిపండు పెట్టాలి, కోతి ఊగే పండునే చూస్తూ బిగుసుకుపోతుంది, దాన్ని జేబులో వేసుకొచ్చి పంపుకి పెట్టి తిప్పాలి. ఎందుకయ్యా అంటే అమెరికాలో ఆ పనిముట్టుని మంకీ రెంచ్ అంటారట! మా నాన్నకి సైకిల్ షాపు, నేను పదేళ్ల వయసు నుంచి పానాలు పట్టుకున్నవాణ్ణి, కోతికీ పానాకీ సంబంధం ఉందని నాకు ఏ జన్మలో తడుతుంది? మూడు వారాలు ఆ పంపు దగ్గర తిరిగాను. ఇంకెవరైనా వాక్‌త్రూ లేకుండా దాటామంటే దండం పెడతా.

నేను పెట్టుకున్న కొలత ఒకటుంది, వాక్‌త్రూ చూసినవాడు కూడా వాడుకోవచ్చు. జవాబు చదవగానే "ఛ, ఇది నాకెందుకు తట్టలేదు" అనిపిస్తే పజిల్ మంచిది, తప్పు నాది. "ఇదెక్కడి గోల" అనిపిస్తే తప్పు వాళ్లది. మిస్ట్‌లో జవాబులు చదివినప్పుడు నీకు ఏది ఎక్కువసార్లు అనిపించిందో చెప్పు. నాకైతే మొదటిదే.

ఇంతకన్నా ఘోరం కింగ్స్ క్వెస్ట్ 5 అనే గేమ్. 1990 నాటిది. దారిలో పిల్లి ఎలుకని తరుముతుంటుంది, ఆ క్షణంలో పిల్లి మీదకి ఏదో ఒకటి విసరకపోతే ఎలుక పోతుంది, మనకి అప్పుడేమీ తెలియదు, ఆట సాగుతూనే ఉంటుంది. ఎంతో దూరం వెళ్లాక మనల్ని తాళ్లతో కట్టి నేలమాళిగలో పడేస్తారు, ఆ తాళ్లు కొరకాల్సింది ఆ ఎలుకే. పాత సేవ్ లేకపోతే మళ్లీ మొదటి నుంచి. "అప్పటి లెక్కన చూడాలి" అనేవాళ్లకి ఇది చెప్తా, అప్పుడు కూడా ఇది తప్పే. అదే ఏడాది వచ్చిన మొదటి మంకీ ఐలాండ్‌లో దాన్ని చేసిన రాన్ గిల్బర్ట్ వాళ్లు అలా ఇరుక్కుపోయే దారి లేకుండా చేశారు కదా. కాలం మీదకి నెట్టేసేముందు ఆ ఏడాది ఇంకెవరేం చేశారో చూడండి.

తెలుగులో రాస్తున్నావు కాబట్టి ఆ గేమ్‌కి ఎంత ఇంగ్లీషు కావాలో తప్పకుండా రాయి. మిస్ట్ లైబ్రరీలో చేతిరాత డైరీలు పేజీలకి పేజీలు చదవాలి, పోర్టల్లో మాటలు అర్థం కాకపోయినా గదులు దాటొచ్చు. ఈ ముక్క ఏ ఇంగ్లీషు రివ్యూలోనూ ఉండదు.

సైలెన్సర్99 రాశారు:

శత్రువుల స్థావరాల్లోకి దొంగచాటుగా దూరే ఐజీఐ లేకుండా పాత గేమ్‌ల లిస్టా?? 2000లో వచ్చింది, పద్నాలుగు మిషన్లు, మిషన్ మధ్యలో సేవ్ లేదు. అరగంట పాక్కుంటూ పోయి చివర్లో కెమెరా కంట్లో పడి అలారం మోగితే బ్యారక్‌లోంచి జనం వస్తూనే ఉంటారు, మళ్లీ మొదటికి. దానికి పదికి పదకొండు.

హబ్బు_కేబుల్ రాశారు:

అది టీమ్ గేమ్ కాదు తమ్మీ, ఒక్కడే ఆడేది. కానీ నా షాపులో ఒకడు ఆడుతుంటే వెనక నలుగురు నిలబడి "కెమెరా, కెమెరా" అని అరిచేటోళ్లు. డబ్బులు మాత్రం ఒక్కడే కట్టేవాడు.

పాతసీడీ రాశారు:

అందరికీ థాంక్స్, తిట్టినవాళ్లకి ఇంకొంచెం ఎక్కువ థాంక్స్. లక్ష్మి గారూ, మెడిక్ గురించి నా రివ్యూలో ఒక వాక్యం కూడా లేదు, మొత్తం సోల్జర్ అనే ఇంకో పాత్రగా ఆడి రాసేశాను. అది మళ్లీ రాస్తా.

మిస్ట్‌లో నేను జవాబు తెరిచింది రాకెట్ దగ్గర కాదు, అంతకన్నా ముందే, టవర్‌ని తిప్పే మ్యాప్ దగ్గర. గోడ మీద మ్యాప్ ఉంది, గీత తిరుగుతోంది, అది ఎందుకు ఎర్రగా మారుతోందో నాకు అర్థం కాలేదు. అరటిపండు గారి కొలత పెడితే, జవాబు చదవగానే "ఛ" అనే అనుకున్నాను. కాబట్టి ఆ నాలుగు కొట్టేశాను, కొత్త మార్కులు ఇంకా వెయ్యలేదు, కలిపేసిన పజిళ్లతో మొదటి నుంచి ఆడాకే.

నిన్న ఫ్రిస్కో అమ్మగారి పద్ధతి పోర్టల్ మీద పెట్టి చూశాను, ఎందుకంటే నాలుగింట్లో నాకు అనుమానం లేనిది అదొక్కటే. మా అక్క కొడుకు వచ్చాడు, పన్నెండేళ్లు, వీడికి ఫోన్ గేమ్‌లు తప్ప తెలియవు. నేను పక్కన కుర్చీలో కాగితం పెట్టుకుని, ఎక్కడ ఎంతసేపు ఆగాడో రాసుకుంటూ కూర్చున్నా. "ఆట తనంతట తనే నేర్పుతుంది, ఎక్కడా ఆగం" అని నా రివ్యూలో గొప్పగా రాశాను. వీడు మొదటి అరగంటలో మూడుసార్లు ఆగాడు. ఒక చోట పదకొండు నిమిషాలు. ఈ గేమ్‌లో గోడల మీదా నేల మీదా మనమే రెండు పోర్టల్స్ తెరుస్తాం, ఒకదాంట్లో దూరితే రెండోదాంట్లోంచి వస్తాం. ఎత్తు నుంచి కింద పోర్టల్లోకి దూకితే ఆ వేగంతోనే అవతల గోడలోంచి ఎగిరొస్తాం కదా, వాడికి దూకాలన్న ఊహే రాలేదు, కిందకి దూకితే చస్తామని ఫోన్ గేమ్‌లు నేర్పాయి. అంచు దాకా వెళ్లడం, వెనక్కి రావడం. నాకు చెప్పెయ్యాలని నాలుక దురద, మంచినీళ్ల వంకతో రెండుసార్లు లేచాను. చివరికి వాడు దూకలేదు, కాలుజారి పడ్డాడు. పడి, గాల్లో తేలి అవతలి గట్టు మీద వాలి, "మావయ్యా, నేనేం చేశాను?" అని నా వైపు చూశాడు. వెంటనే వెనక్కెళ్లి కావాలని ఇంకో నాలుగుసార్లు దూకాడు, గది దాటడం మర్చిపోయి.

గుండె గుర్తున్న పెట్టె దగ్గర కూడా ఆగాడు. ఆట దాన్ని గదంతా మోయించి చివర్లో మంటలో పడెయ్యమంటుంది కదా. నేనప్పట్లో నవ్వుకుని పడేశాను. వీడు పెట్టెని మూలన పెట్టి, వేరే దారి ఉంటుందని గోడలన్నీ వెతికాడు, ఆరు నిమిషాలు. తర్వాత పడేశాడు, కానీ రాత్రి భోజనాల దగ్గర మా అక్కకి చెప్పాడు, "మావయ్య గేమ్ మంచిది కాదు" అని.

ఈ రెండూ నా పాత రివ్యూలో లేవు. అందులో ఉన్నదల్లా చివర్లో వచ్చే పాట బాగుంటుందని.

ఇక 1.6 సంగతి. ఆదివారం రాత్రి 9 గంటలకి, డస్ట్2, ఐదుకి ఐదుగురు, పాస్‌వర్డ్ పెట్టిన సర్వర్. బావమరిదితో కలిపి ఇప్పటికి ఆరుగురం. హెడ్‌సెట్ తప్పనిసరి, చచ్చినవాళ్లు మైక్ కట్టెయ్యాలి, ఫైను ఎంతో హబ్బు అన్న చెప్తాడు.

హబ్బు_కేబుల్ రాశారు:

రేట్లు పెరిగినయి తమ్ముడూ, ఇప్పుడు ఇరవై. నన్ను ఏడోవాణ్ణి రాసుకో. కరెంటు పోతే మాత్రం నన్నడగొద్దు.